తూనిక

టొలీడోలో మోకాటి లోతు మంచు.
రేస్ ట్రాక్ ఏప్రిల్ దాకా మూత.
కాజిమిర్‌కి గ్యారేజీలోనే తెల్లారుతుంది.

అరవై రెండు నాటి షెవీ.
బ్రాకెట్ల నిండా చిల్లులు పొడిచాడు,
హీటర్ పీకేశాడు.
డాష్‌బోర్డు అర విప్పితే
ఎప్పుడో పోయిన నా చెవిపోగు దొరికింది.
దాన్నీ తూచాడు,
నేను పిండి తూచుకునే త్రాసులోనే.

రొట్టె గ్రీజు కంపు కొడుతోందంటే
"సెకనులో నలభయ్యోవంతు, హలీనా!" అంటాడు.
గోడ మీద సుద్దతో లెక్క:
ఇరవై రెండు పౌన్లు పోయాయట.

ఏప్రిల్.
బండితో సహా కాటా ఎక్కాడు.
అంకె చూసి, దిగి, మళ్లీ ఎక్కాడు.
నిరుటి బరువే.

నేను కిక్కురుమనలేదు.
చలికాలమంతా అర్ధరాత్రుళ్లు
గ్యారేజీకి మోసిన పియరోగీలు
ఏ గోడ మీద రాశాను గనక!