తూకం చీటీ

పులియాంతోపు కబేళాలో బేరమాడి
పొట్టేలు కొమ్మొకటి తెచ్చాడు యాకోబు మామ.
మూడు పూటలు ఉడకబెట్టాం.
మేడమీద విశాలం పాట్టి ముక్కు మూసుకుని దిగొచ్చింది:
"పురటాసి నెలమ్మా, ఏంటీ నీచు?"
పండగండీ, అన్నాను.
ఏం పండగ?
ఇంకేమనాలో తోచక, ఉగాది అన్నాను.
బొమ్మల కొలువు పెట్టే రోజుల్లో ఉగాదేంటని
నవ్వుకుంటూ మెట్లెక్కింది.

మా ఉగాదికి కోయిల రాదు. వేపపువ్వు రాలదు.
వాన ముందరి ఉక్క, రాయపురం రేవు ఉప్పుగాలి,
గోరు ముక్కంత చంద్రుడు,
కొమ్ములోంచి గుజ్జు ఊడిపడ్డాక
తొలి ఊపిరికి వచ్చే మేక గొంతు.
"పాట కాదే ఇది" అంటాడు మామ,
"నిద్రపోయేవాణ్ణి తట్టే చెయ్యి."

ఒక నిడుపు.
మూడు విరుపులు.
తొమ్మిది వెక్కిళ్లు.
మళ్లీ నిడుపు.
వంద ఊదాలి. నలభైకే మామ పెదవి చిట్లింది.
ప్రార్థనకి పదిమంది మగాళ్లుండాలి.
తెనాలి నుంచి ఇద్దరొచ్చినా తొమ్మిదే.
నన్ను లెక్కెయ్యి మామా, అన్నాను.
మాట్లాడలేదు. చాలాసేపు కొమ్ము తుడిచాడు.

పళ్లెంలో ఆపిల్ ముక్కలు, తేనె, అలసందలు.
దానిమ్మకి ఆరువందల పదమూడు గింజలట, ఆజ్ఞలెన్నో అన్ని.
తమ్ముడు ఏలీ నాలుగొందల ఎనభై దాకా లెక్కపెట్టి
మిగతాది తినేశాడు.
చేప తల: ఊరంతా నీచు మానిన నెల, కాశిమేడులో చవక.
వచ్చే ఏడు తోక కాకూడదు, తలవ్వాలి, అని తింటాం.
ముప్పై ఏళ్లుగా హార్బర్లో ఐసు మోస్తాడు మామ.
తలమీదే.
సొరకాయ, చెడ్డ రాత చిరిగిపోవాలని.
అత్త కత్తిపీట నా ముందుకి తోసింది:
"ఏడాదంతా కోశావుగా, ఇవాళ నిజంది కొయ్యి."

పైన ఒక పుస్తకం తెరిచారట.
ఎవరుండాలో, ఎవరు పోవాలో
ఇవాళ రాత, పదో నాడు ముద్ర.
నాకు తెలుసు అలాంటి పుస్తకం.
తిరువొత్తియూరు రోడ్డు వేబ్రిడ్జిలో నా పని అదే.
నిండు లారీ తూకం, ఖాళీ లారీ తూకం,
తీసేస్తే సరుకు.
మనిషిని ఖాళీగా ఎప్పుడు తూస్తారో
ఎవర్నడిగినా చెప్పలేదు.

ఆషాఢంలో ఒక రాత్రి నిద్రమత్తులో
ఆరు కొట్టాల్సిన చోట సున్నా కొట్టాను.
ఆరొందల కిలోలు మాయం.
డ్రైవర్ ఏళుమలై దార్లో అమ్ముకున్నాడన్నారు,
జీతంలో కోశారు.
నాకు మర్నాడే తెలిసింది.
చీటీ నాలుగు మడతలు పెట్టి దాచుకున్నాను.

పొద్దుగుంకే ముందు సముద్రానికి వెళ్లాం.
మొన్న అమావాస్యకి ఎవరెవరో తండ్రుల పేర వదిలిన నువ్వులు
రాళ్ల సందుల్లో ఇంకా నల్లగా.
మేం జేబులు దులిపాం.
రొట్టె పొడి. బస్సు టికెట్టు. ఏలీది ఒక గోళీ,
దానికోసం ఏడ్చాడు.
నా జేబులోంచి చీటీ పడింది.

అల దాన్ని తీసుకుంది కూడా.
మోకాళ్ల లోతుకి దిగి పట్టుకొచ్చాను.
"వదిలెయ్ పిల్లా, పోనీ" అంది అత్త.
మామ మాత్రం చూసి
"అది సముద్రానిది కాదులే" అన్నాడు.
ఏం చీటీ అని అడగలేదు.

పండగ రెండు రోజులూ బస్సెక్కకూడదు.
మూడోనాడు తెల్లారకముందే తాళంకుప్పం.
ఏళుమలై పెళ్లాం తలుపు తీసింది, చేతులకి పిండి.
"రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నారు. లేపనా?"
వద్దన్నాను.
గడప పక్కన కూచున్నాను.
ఉప్పు తేలిన చీటీ చేతిలో.
ఇంకు అంతా చెదిరింది,
సున్నా తప్ప.
లోపల అతని గురక
ఒక నిడుపు,
కాసిని విరుపులు.