ముప్పై రెండు పళ్ళ నోటీసు

రాజోలులో బస్సులు మలుపు తిరిగేచోట
హోర్డింగు మీద ఒక పిల్ల నవ్వుతుంటుంది.
నీలం డబ్బా, ఎర్ర చార, కిలకిల పళ్ళపొడి.
కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం
స్టూడియో గుమ్మంలో కూర్చుని లెక్కపెట్టాను.
ముప్పై రెండూ ఉన్నాయి.
ఏ నవ్వులో అన్నీ కనిపిస్తాయి గనక!

ఆ డబ్బానే తెచ్చి చిట్టెబ్బాయి మావ చేతిలో పెట్టాను.
నలభై ఏళ్ళు కొబ్బరికాయలు దింపిన చెయ్యి,
మోకు ఒరిపిడికి నున్నబడ్డ చెయ్యి.
నోట్లో ఒక్క పన్ను లేదు.
ఆ పిల్లలాగే మెడ వంచమన్నాను,
వెనకాల అదే నీలం గుడ్డ, పక్కనుంచి అదే వెలుగు,
కింద అవే వంకర అక్షరాలు:
"పుట్టినప్పట్నుంచీ ఇదే వాడుతున్నా."

అంతర్వేది తీర్థంలో
జీళ్ళ కొట్టుకీ గాజుల కొట్టుకీ నడుమ
కార్డు ఇరవై రూపాయలు.
రథం కదిలేలోపు రెండొందలు చెల్లిపోయాయి.

తరవాత రిజిస్టర్ పోస్టు. హైదరాబాదు నుంచి.
తొమ్మిది పేజీలు,
నవ్వు అన్న మాట పదకొండుసార్లు,
ఒక్కచోటా నవ్వు రాలేదు.

అమలాపురంలో వక్కలంక సుభద్ర గారు
కార్డు చూసి ముందు పకాల్న నవ్వారు,
తరవాత కళ్ళజోడు పెట్టుకున్నారు.
"ఫొటో తీసింది నువ్వు, అంతవరకూ నీదే, రత్నం.
డబ్బా మీది బొమ్మ గీసినవాడి హక్కు వేరు.
పేరూ, చారా, ఆ వంకర అక్షరాలూ వాళ్ళ గుర్తు.
ఇంతకీ ఎవరి మీద నవ్వావు?
పళ్ళపొడి మీదా?
పళ్ళపొడిని అడ్డం పెట్టుకుని మావ మీదా?
ఊరికే పంచితే ఒక మాట. అమ్మావు కదయ్యా.
కొన్నవాళ్ళు కంపెనీయే వేసిందనుకున్నారా?"
"బోసినోరు చూపించి పళ్ళపొడి
ఏ కంపెనీ అమ్ముతాదండీ?"
"అదీ మన వాదన," అని రాసుకున్నారు.
"గెలుస్తామాండీ?"
"కోర్టుకి నవ్వొస్తే."

బోడసకుర్రు వంతెన మీద బస్సు ఆగింది.
కింద వైనతేయ, పోటు నీళ్ళతో వెనక్కి నడుస్తోంది.
మా తాత చెప్పిన పగటివేషగాడు గుర్తొచ్చాడు.
కరణం వేషం కట్టి, కరణం దగ్గు దగ్గి,
కరణం అరుగు ముందే నిలబడి
కరణం చేతే బియ్యం పోయించుకున్నవాడు.
ఆఖరిరోజు రంగు కడుక్కుని
సొంత మొహంతో వచ్చేవాడట సంభావనకి.
ఆ మొహాన్ని ఎవరూ పోల్చలేదట.
కరణానికి అప్పుడు నోటీసులు తెలీవు.
దగ్గు రిజిస్ట్రీ చేయించుకోవచ్చనీ తెలీదు.

ఆ శనివారమే రావులపాలెంలో
టీ కప్పుల దుకాణంలో మావ కనిపించాడు.
కప్పుకొక్క మావ, మూడు వరసలు.
నేను పెట్టిన వెలుగే, నేను వంచిన మెడే,
మూలన నా పేరు మాత్రం గీకేశారు.
ఒళ్ళు మండిపోయింది.
అక్కడే నిలబడి ఫోను చేశాను:
"తొమ్మిది పేజీలు రాయండమ్మా, పదైనా పర్లేదు."
అవతల చాలాసేపు
సుభద్ర గారి ఫ్యాను తిరిగిన చప్పుడు.

ఒక కప్పు కొని మావ దగ్గరికెళ్ళాను.
డొక్కల కుప్ప పక్కన కూర్చుని కత్తి నూరుతున్నాడు.
కప్పు అటూ ఇటూ తిప్పి చూశాడు.
"ఎవుడి నోరురా ఇది?"
"నీదే మావా."
"హైదరాబాదోళ్ళ కాయితంలో నా పేరుందా?"
లేదన్నాను.
"ప్లీడరమ్మ రాసుకున్నదాంట్లో?"
లేదు.
"నీ కార్డు మీద?"

ఆరోజు నేనిచ్చింది
ఒక గోలీసోడా, యాభై రూపాయలు.

"ఆయ్, పోన్లే," అని
అదే కప్పులో టీ పోయించుకున్నాడు.
చిగుళ్ళతో అంచు పట్టుకుని ఊదుకుంటూ తాగాడు,
తన నవ్వు మీదుగా నా వైపు చూసి నవ్వాడు.
కొబ్బరాకుల్లోంచి వెలుతురు సరిగ్గా పడుతోంది.
కెమెరా భుజానే ఉంది.
ముందు అడగాలి అనుకున్నాను.
ఎలా అడుగుతారో
నాకెవరూ నేర్పలేదు.