తెగితే బతికే తీగ

ఎండకాలం నా షాపు ముందల
కాలిన మోటర్లు వరుసగ పండుకుంటయ్.
పరకాల నుంచి ఒకటి, ఆత్మకూరు నుంచి రెండు.
మాడిన వార్నిషు వాసన, ట్రాలీ మీద రైతు,
"అక్కా, పొద్దుగూకేసరికి తిరగాలె."
ఇరవై రెండేండ్లు నేను చేసిన పని అదే,
ఆగినదాన్ని తిప్పుడు.

ఓదెలు సారు ఒక్కడే
"ఆపే వైరు గుంజాలె యాకమ్మా" అనుకుంట వచ్చిండు.

డీజిల్ షెడ్డుల ఫిట్టరు జేసి రిటైరైనోడు.
కాజీపేట రైలుకట్ట పక్కన రేకుల కింద
నాలుగేండ్ల సంది విమానం చేస్తున్నడు.
రెక్కలకు ఇంక బట్ట ఎక్కలే,
పక్కబొక్కలన్నీ కనవడుతున్నయ్,
తోక కాడ ఓ కోడి గుడ్లు వెట్టింది.

ఇంజనుకు రెండు నిప్పులు.
కుడిది ఎలక్ట్రానిక్‌ది,
పన్నెండు వోల్టులు పోస్తెనే కండ్లు తెరుస్తది.
ఎడమది మ్యాగ్నెటో.
అయస్కాంతం తిరుగుతుంటే చాలు,
తన నిప్పు తనే పుట్టించుకుంటది,
బ్యాటరీని చేయి చాపి అడగదు.

కుడిదాని స్విచ్చు నాకు తెలిసిందే.
కలిపితే బతుకుతది, తెంపితే చస్తది,
బాయికాడి స్టార్టరు లెక్క.
ఎడమదాన్ని సారు సుద్దముక్కతోని రేకు మీద గీసిండు.
"తలకిందులు గీసినవ్ సారూ" అన్న.
నవ్విండు.
"దీన్ని ఆపాలంటే బాడీకి కలపాలె, ఎర్తు జెయ్యాలె.
వైరు తెగిందనుకో, బతికే ఉంటది."

ఆ రాత్రి నిద్ర రాలే.
తెగిన వైరంటే నాకు చీకటి,
తెగిన వైరంటే నెర్రెలిచ్చిన మడి.
తెగినంక సుత కొట్టుకునేది ఒకటున్నదంటే
నా చేతులు నమ్ముతలేవు.

తెల్లారి అడిగిన, ఎందుకట్ల అని.
"మీద ఉన్నప్పుడు అదురుకు తెగుతదనుకో,
నిప్పు పోవద్దు గదా."
"మరి కిందున్నప్పుడు?"
సారు పంకా రెక్క దిక్కు చూసిండు.
ఏమనలే.

రెండు స్విచ్చులు పక్కపక్కన బిగించిన.
రెండిటికీ మీదికంటే నడుసుడు, కిందికంటే ఆగుడు.
వేలికి తేడా తెల్వొద్దు.
వెనకాల మాత్రం ఒకటి సీదా, ఒకటి ఉల్టా.
ఉల్టాదానికి పచ్చదారం చుట్టిన, నా గుర్తుకు.

పత్తి తీసినంక ఖాళీ చేన్ల ఇంజను నడిపినం.
పత్తికట్టె అంత ఒక దిక్కే వంగింది.
మూడు దినాలు మంచిగనే ఆగింది.
నాలుగోనాడు, షెడ్డుల, స్విచ్చులు రెండూ కిందికే,
అంకూసు పోరడు నూనె తుడవబోయి
పంకాను ఇంత జరిపిండు.

ఒక్కటే దగ్గు.

పోరని భుజం మీది రుమాలు
సగం కింద వడ్డది, సగం మీదనే ఉన్నది.
కోడి అరుసుకుంట బయటికి ఉరికింది.
తర్వాత చానసేపు
రైలు సుత పోలే.

వైరు వెంట వేలు జరుపుకుంట పోయిన.
పచ్చదారం కాడ లగ్గు మెడల విరిగి ఉన్నది.
పైన తొడుగు నున్నగ, తళతళ, ఏం కానట్టు.
నేను నొక్కిన లగ్గే.
సారు తిట్టలే. తిడితే బాగుండు.

మల్ల చేసిన.
లగ్గుకు రెండేళ్ళ దూరంల వైరుకు ఆనిక కట్టిన,
ఇంజను వణుకు మెడదాక రాకుండ.
అంకూసు దూరంగ నిలవడి చూసిండు,
కొత్త రుమాలు నేనే కొనిచ్చిన.

ఇప్పుడు దింపే ముందల ప్రతిసారి ఒక పని.
ఇంజను నెమ్మదిగ గునుస్తున్నప్పుడు
రెండు స్విచ్చులూ కిందికి, రెప్పపాటు,
మల్ల మీదికి.
ఆ రెప్పపాటుల అది చచ్చిపోవాలె.
చచ్చిపోతది.
మేం ముగ్గురం ఊపిరి విడుస్తం.

నిన్న ఆత్మకూరు మోటరు తిరిగింది.
రైతు అప్పటికే పైసలు లెక్కవెడుతున్నడు.
నేను స్విచ్చు దించి
షాఫ్టు పూరాగ ఆగేదాక చూసుకుంట కూసున్న.
"ఇంకేమన్న ఉన్నదా అక్కా?"
"ఏం లేదు. జెర ఆగు."