కొసరు

ముప్పై ఒక్కేళ్ళు చెరుకు బండ్లు తూచినాను.
ఫ్యాక్టరీ మూతబడినా
కండ్లు ఇంకా ముల్లు కోసం వెతుకుతాయి.

గ్రీమ్స్‌పేట ఇంట్లో, వరండా నిండా
పాత తక్కెడలు. పదకొండు.
పుంగనూరు సంతలో రెండు దొరికినాయి,
పలమనేరు పాతినుము కొట్లో
చెవి విరిగిన వీశె గుండు ఒకటి.
పొద్దున్నే చింతపండేసి తోముతుంటే
"పులుసుకు నానబెట్టిందయ్యా అది!"
వంటింట్లోంచి చెంగమ్మ.

ఎనభై ఆరులో అనుకుంటా,
మా నాయన బండి లైన్లో వచ్చింది.
నేను కాటా గదిలో.
పగ్గం పట్టుకొని ఎవరో రైతు మాదిరి నిలబడినాడు.
రెండు టన్నులకు పన్నెండు కిలోలు తక్కువ.
రెండు టన్నులనే రాసిచ్చినా.

ఆయనకు అక్షరాలు రావు, అంకెలొచ్చు.
నాలుగడుగులు పోయి, తిరిగొచ్చి
చీటీ కిటికీలోంచి లోపలికి తోసినాడు.
"సరిగ్గా రాయి నాయనా,
వెనక బండోడు చూస్తా ఉండాడు."

ఆ రాత్రి మా మధ్య మాటల్లేవు.
చారు మాత్రం రెండు మార్లు పోయించుకున్నాడు.

ఇప్పుడు నెలకోసారి
పక్కింటి శశిరేఖ బిడ్డనెత్తుకొని వస్తుంది.
ఆస్పత్రి మిషనంటే ఏడుస్తాడంట.
పెద్ద ఇత్తడి తట్టలో తువ్వాలు పరిచి,
దాని బరువు తీసేసి, పండబెడతా.
ముల్లు ఆగదు, వాని కాళ్ళు ఆగితే గదా!

నాలుగు కిలోల తొమ్మిదొందల యాభై.
"అయిదని రాసేయండి తాతా, ఏం పోతుంది?"

చెవి మీది పెన్సిల్ తీసి
ఊరకే ఒకసారి కిటికీ దిక్కు చూసి
ఉన్నదే రాసినాను.

వాడు మాత్రం
తువ్వాలు తడిపి, నా చొక్కా తడిపి
కొసరేసి పోయినాడు.