గంటన్నర ముందు

హైదరాబాద్ నుంచి మస్కట్‌కు
రెండువేల రెండొందల చిల్లర కిలోమీటర్లు.
వచ్చేటప్పుడు మూడుంబావు గంటలు,
పోయేటప్పుడు ఇంకింత జల్ది.
"గాలి ఎన్కనుంచి నూకుతది" అన్నడు
విమానంల నూనె పోసే ఇద్రీస్.
ఇంటి దిక్కు పోయెటోన్నే ఎందుకు నూకుతదో
ఆయనకు తెల్వది, నాకూ తెల్వది.

నాకు దొరికేది ఇరవై నిమిషాలు.
ఆఖరి మనిషి దిగంగనే ఎనక మెట్లెక్కుతం
నేను, మొఫిజుల్, ఒక నేపాలీ పిల్లగాడు.
హైదరాబాద్ బండైతే
పన్నెండో వరుస నుంచి తోక దాక నాది,
ఇది మా నడుమ మాట, రాసుకున్నది కాదు.
బెల్టులు అడ్డం మలవాలె.
సీటు సంచుల చెయ్యి పెట్టాలె,
చూడకుంట పెట్టాలె. చూస్తే టైం పోతది.

చెయ్యికి అన్నీ తెలుస్తయి.
సకినం ముక్క. జండూబామ్ మూత.
నలిపి నలిపి తాడైన తడి రుమాలు,
అది కొత్తగ వచ్చినోనిది.
రెండోపారి వచ్చెటోడు సంచిల ఏం ఇడ్వడు,
ప్లాస్టిక్ చెంచ గూడ జేబులేస్కొని దిగుతడు.
కింద మట్టి.
ఏ వరుసల ఎర్రది, ఏ వరుసల నల్లరేగడి
మిషన్ పట్టకముందే చెప్త.
మిషన్‌కు మట్టి మట్టే.

నిన్న రాత్రి పదిహేడో వరుసల, కిటికీ పక్కన,
కుర్చీ సందుల ఇరికి ఒక గడియారం.
మామూలుది. చెమటకు పట్టీ తెల్లగైంది.
ఉన్న బొక్కలు సాలక
మొలతోని పొడిసిన ఇంకో బొక్క,
సన్న చెయ్యి మనిషిది.
నా ఫోన్ల పదకొండు నలభై.
దాన్ల ఒకటి పది.

మార్చుడు మర్చిండేమో.
మార్చబుద్ధి కాలేదేమో.

ఒకటి పది అంటే
మా ఎల్లారెడ్డి బస్టాండుల కుక్కలు గూడ పండుకుంటయి.
భూలక్ష్మి పొద్దంత బీడీలు చేసి
చాట పక్కకు వెట్టి ఒరిగి ఉంటది.
నిద్రల గూడ ఆమె బొటనేలు
ఆకు మలుస్తనే ఉంటది.

దొరికిన సామాను ఆఫీసుల ఇయ్యాలె.
నడిస్తే నాలుగు నిమిషాలు,
నేను తొమ్మిది చేసిన.
చేతికి పెట్టుకోలే, పిడికిట్ల పట్టుకున్న.
అది కొట్టుకునుడు వేళ్లకు తెల్సింది.
రాత్రైనా తారు సల్లారలే.
కాళ్లు మస్కట్‌ల నడుస్తున్నయి,
పిడికిలి గంటన్నర ముందు పోతుంది.

షాజు సారు అటు తిప్పి ఇటు తిప్పి సూశిండు,
గోడ దిక్కు సూశిండు,
రిజిస్టర్ల రాసిండు:
గడియారం, ఒకటి. నడుస్తుంది. టైం తప్పు.

తప్పు కాదు సార్ అందామనుకున్న.
ఎట్ల చెప్పాలె, ఏ భాషల చెప్పాలె.
ఎవ్వలు రాకుంటే మూడు నెలలకు పారేస్తరట.
అందాక అది ఇనుప అల్మారల
గొడుగుల నడుమ, ఒంటి చెప్పు పక్కన
మా ఊరి పొద్దును
రోజూ ఒక్కతే పొడిపిస్తుంటది.

సంతకం చేసిన.
పక్కన టైం రాయమంటే
ఒకటిన్నర రాసిన.
షాజు సారు నా మొఖం దిక్కు సూశి
కొట్టేసి, పన్నెండు ఏసిండు.

అవుతల మొఫిజుల్ ఒర్లుతున్నడు.
చిట్టగాంగ్ బండి దిగింది.
ఉరికిన.
ఆ బండికి తోక ఆయనది.