గోడ మీద ఏం రాయాలి

మండలం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.
"మీ బడి నుంచి బయటికెళ్ళే విద్యార్థికి
ఉండవలసిన లక్షణాలు
ముందు గోడ మీద, దూరానికి కనబడేలా రాయించవలెను."
నిధులు పదిహేను వందలు.
అక్షరానికి పన్నెండు రూపాయలండి, అన్నాడు ఏసుపాదం,
ఒత్తులకి విడిగా తీసుకోనండి.

తొలి పంటులో నిచ్చెనతో సహా దిగాడు.
నీలం డబ్బా మూత తీసి
పుల్లతో కలుపుతూ కూర్చున్నాడు.
నేను మెట్ల మీద కాగితం మడతలు విప్పుతున్నాను.
నిజాయితీ. నాయకత్వం. క్రమశిక్షణ.
మూడు మాటలూ ఇస్త్రీ చొక్కాల్లా ఉన్నాయి,
ఎవరి కొలతలూ తీసుకోకుండా కుట్టినవి.

నిజాయితీ అంటే
నాకు గుబ్బల నాగవేణి గుర్తొస్తుంది.
లెక్కల పేపర్లో రెండు మార్కులు ఎక్కువ కలిపానని
కొబ్బరి పీచు అంటుకున్న చేతులతో
రేవు దాకా పరిగెత్తుకొచ్చింది.
అప్పటికే పంటు కదిలిపోయింది.
గట్టు మీంచే అరిచింది:
"ముప్పై నాలుగండీ! ముప్పై ఆరు కాదండీ!"
పంటు మీద సైకిళ్ళవాళ్ళూ, చేపల తట్టలవాళ్ళూ
అందరూ విన్నారు.
ముప్పై ఐదొస్తేనే పాసు.
ఆ సంగతి మాత్రం అరవలేదు.

నాయకత్వం...
శ్రావణంలో గౌతమి బళ్ళోకి వచ్చిన రాత్రి
మల్లాడి సత్తిరాజు, తొమ్మిదో తరగతి,
నాటుపడవలోకి పిల్లల్ని ఎక్కిస్తూ లెక్కపెట్టాడు.
పదిహేడు. పట్టీలో ఉన్నదీ పదిహేడే.
పద, పద, అంటున్నాన్నేను.
"ఇంకోడున్నాడండీ" అని
నడుం లోతు నీళ్ళలో వెనక్కి దిగిపోయాడు.
వంటగది అటక మీద నిద్రపోతున్న
వంటామె మనవణ్ణి భుజానేసుకుని వచ్చాడు.
వాడి పేరు నా హాజరు పట్టీలో లేదు మరి.
సత్తిరాజు పది తప్పాడు.
ఇప్పుడు రొయ్యల చెరువుల దగ్గర
రాత్రిళ్ళు ఏరేటర్లు ఆగిపోకుండా చూస్తాడు.

క్రమశిక్షణ గురించి నేను చెప్పలేను.
ఏటి నీళ్ళు ఉప్పెక్కిన ఏప్రిల్లో
ఆలస్యంగా వచ్చాడని ఒక పిల్లాణ్ణి కొట్టాను.
మైలున్నర అవతల్నుంచి మంచినీళ్ళ బిందె
ఇంట్లో దింపి వచ్చాడని
సాయంత్రం ఎవరో చెప్పారు.
మర్నాడు వాడే నాకు గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు.
తాగాను.
తప్పైపోయింది నాన్నా, అనడం
నేను చదివిన ఏ బడీ నాకు నేర్పలేదు.
అదొక్కటీ రాయించనా?
ఎన్ని అక్షరాలవుతుంది?

తల ఎత్తేసరికి
ఏసుపాదం ఈ మేకు నుంచి ఆ మేకుకి దారం లాగి
సుద్దపొడి పట్టించి, టప్‌మని వదిలాడు.
"అంత పైనెందుకోయ్, చిన్నపిల్లలు చదవాలి కదా" అన్నాను.
అరచేత్తో గోడ తడిమి చూపించాడు:
సున్నం కింద మట్టిరంగు చార.
"మొన్న ఏరు ఇక్కడి దాకా వచ్చిందండి.
జానెడు పైన మొదలెడితే
మళ్ళీ వచ్చినా అక్షరాలుంటాయండి.
పిల్లలకి అందకపోతే
పెద్దపిల్లలు ఎత్తుకుని చూపిత్తార్లెండి, ఆయ్."

నాలుగో బెంచీలో, కిటికీ పక్కన కూర్చునేవాడు వీడు.
వీడి టీసీలో ప్రవర్తన అన్న గడిలో
ఏం రాసుంటాను?
సంతృప్తికరం.
ఇరవై రెండేళ్ళుగా అందరికీ అదే రాశాను,
ఆ గడి అంతే ఉంటుంది.

మధ్యాహ్నం దాటింది. డబ్బా మీద మీగడ కట్టింది.
గోడ మీద తిన్నగా ఒక గీత, అంతే.
గురువారం అధికారి వస్తాడు.
కూలి ఇవ్వబోతే తీసుకోలేదు.
"అక్షరం పడలేదు కదండీ.
మాట దొరికాక కబురెట్టండి" అన్నాడు,
బ్రష్షులు కిరసనాయిల్లో కడిగి సంచిలో పెట్టుకుంటూ.

పంటు కూత వేసింది.
నిచ్చెన ఇక్కడే వదిలి వెళ్ళాడు.