మెట్టె నల్లబడలేదు

సంచి మీద రాశాను:
జోడుగుళ్ళపాలెం, తూర్పు వైపు బండ,
పొద్దున్న ఆరుంబావు, పచ్చ ఆలిచిప్పలు, కిలో.
అమ్మినవారి పేరు రాయాల్సిన గడి దగ్గర
కలం కాసేపు ఆగింది.
మా అమ్మే.

నూట ఇరవై తీసుకుంది నా దగ్గర.
“ల్యాబు డబ్బులే కదేటి, నీయి కావు గదా,” అంది
నోట్లు బొడ్లో దోపుకుంటూ.
ఉలితో బండని గీకే చేతులవి.
వేళ్ల సందుల్లో ఎప్పుడూ ఒక గీత మానుతుంటుంది,
ఒకటి కొత్తగా తెగుతుంటుంది.

నాలుగు రోజులైంది నీళ్లు రంగు తిరిగి.
నీరుకావి పంచె జాడించిన బకెట్టులా
రుషికొండ దాకా ఒక చార.
రాత్రి తెడ్డు పడ్డ చోటల్లా నీలంగా వెలుగుతోందని
తెప్పల కుర్రాళ్లు ఫోన్లో పట్టి చూపిస్తున్నారు.
అందంగానే ఉంది.

ఒక చుక్క గాజుపలక మీద వేసి చూస్తే
నడుముకి దట్టీ బిగించినట్టు ఒక గాడి,
రెండు కొరడాలు, బొంగరం తిరుగుడు.
మొక్కంటే మొక్క, పురుగంటే పురుగు.
ఎవర్నీ చంపుదామని పుట్టలేదు.
ఎండ తాగుతాయి,
తమ గదిలో తాము ఏదో వండుకుంటాయి.

ఆలిచిప్ప తలుపు వారగా తీసి కూర్చుంటుంది.
నీళ్లు లోపలికి, నీళ్లు బయటికి,
రోజుకి రెండు మూడు బిందెలు.
సన్నటి వెంట్రుకల జల్లెడలో
చిక్కిందల్లా దానికి అన్నమే.
మనం వడకట్టి పిప్పి పారేస్తాం.
అది పిప్పి దాచుకుని నీళ్లు పారేస్తుంది.
విషం దాన్నేమీ చెయ్యదు,
అద్దెకున్నవాడిలా కండలో ఓ మూల పడి ఉంటుంది.

మా దేముడమ్మ పిన్ని ఒకసారి
పులుసు బాగుందని రెండోసారి వేసుకుంది.
ముందు పెదవి మీద చీమలు.
తర్వాత వేళ్లు తనవి కానట్టు.
గరిటె ఎత్తబోతే చెయ్యి లేవలేదు.
పెద్దాసుపత్రిలో మూడు రోజులు
ఆమె ఊపిరి మిషను తీసింది.
ఇప్పటికీ గుల్ల తినదు. అమ్ముతుంది.

ఆ సాయంత్రం అమ్మ ఉడుకుతున్న కుండలో
మా అమ్మమ్మ వెండి మెట్టె వేసింది.
పది నిమిషాలాగి పుల్లతో తీసింది.
“సూడే, ఎంత తెల్లగున్నాదో.”
వెండికి ఆ విషం తెలీదమ్మా,
ఉడికినా పోదు, చింతపండుకీ లొంగదు,
వాసన లేదు, రుచిలో పట్టుబడదు, అన్నాను.
అమ్మ మెట్టె వైపే చూస్తోంది.
“మరి మా యమ్మ బతికే పోనాది గదా, దీన్నే నమ్మి.”
దానికి నా దగ్గర లెక్క లేదు.
కుండ నేనే దించి
పెరట్లో గొయ్యి తీసి కప్పెట్టాను.
రాత్రి ఇద్దరం గంజి తాగాం, మాట్లాడుకోలేదు.

మర్నాడు అంకె వచ్చింది. గీత దాటింది.
మూడు వారాలు ఎవరూ కొయ్యకూడదన్నారు,
మైకు కట్టిన ఆటో పేటంతా తిరిగింది.
“ఈలోగా ఎవులు కడుగుతారు ఆటిని?”
ఎవరూ అక్కర్లేదు, మంచి నీళ్లు తగిలితే
అవే మెల్లగా కడుక్కుంటాయి.
“బాగున్నాది. మరి నాను
ఏ నీల్లతో కడుక్కోవాల ఈ మూడు వారాలూ?”

పన్నెండో రోజు చిక్కుడుకాయల కూర.
పళ్లెంలో టంగుమని ఏదో తగిలింది.
మెట్టె.
అమ్మ నవ్వలేదు.
“కుళాయి నీల్లు మాత్రం ఎక్కడివో
నీకు తెలుసేటి?”

ఇరవై నాలుగో రోజు చార లేదు.
సంచి మీద మళ్లీ రాశాను:
అదే బండ, ఆరున్నర, కిలో.
ఈసారి నూట నలభై అడిగింది.
ఇచ్చాను.